రోజూ వెళ్ళే దారే కదా అనుకోవద్దు: రోడ్డు పనుల మధ్య బండి నడిపేవారికి

మీ ప్రశ్న ఇది. ఇల్లు విశాఖ పక్కన సబ్బవరం దగ్గర, డ్యూటీ గాజువాక ఆటోనగర్‌లో. సెకండ్ షిఫ్ట్ పడితే రాత్రి పదిన్నర దాటాక బైక్ మీద తిరుగు ప్రయాణం. దారిలో రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఒకచోట బ్రిడ్జి పని, డైవర్షన్లు మారుతూనే ఉంటాయి. ఈమధ్య సెకండ్‌హ్యాండ్ కారు తీసుకున్నారు కానీ దాన్ని ఆ దారిలో తీయాలంటే టెన్షన్‌గా ఉంది. ఎంత స్పీడు మంచిది, వెనక హారన్ కొడుతుంటే ఏం చేయాలి, టిప్పర్ల పక్కన ఎలా వెళ్ళాలి, రాత్రి వానలో ఏం చూసుకోవాలి, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్ళు హైవే పనుల్లో ట్రాఫిక్ మళ్ళింపు, సేఫ్టీ చూశాను. బారికేడ్ లోపల నిలబడి బయట వెళ్ళే బండ్లను గమనించడమే నా ఉద్యోగం. అక్కడి నుంచి చూసినవాడిగా చెబుతున్నాను, నాకు కొత్తవాళ్ళకంటే రోజూ అదే దారిలో తిరిగేవాళ్ళంటేనే ఎక్కువ భయం. ఊరికి కొత్తయిన డ్రైవరు బోర్డు చదువుతాడు, కాలు బ్రేక్ మీదే ఉంచుకుంటాడు. పాతవాడి చెయ్యి అలవాటు కొద్దీ తిరుగుతుంది. నిన్న రాత్రి ఎడమ పక్కన వదిలిన దారిని ఇవాళ పొద్దున్న కుడివైపుకి మార్చి ఉంటాం, పాత దారిలో అప్పటికే మూడడుగుల గొయ్యి తీసి ఉంటాం. అతను మాత్రం నిన్నటి రోడ్డు మీదే వస్తుంటాడు. కింద రాసేదంతా ఈ ఒక్క అలవాటును మానుకోవడం గురించే.

ముందు స్పీడు సంగతి. బోర్డు మీద ఎర్ర గుండ్రంలో 40 అనో 30 అనో రాసి ఉంటే అది సలహా అనుకోకండి, చట్టం ప్రకారం పాటించాల్సిన పరిమితి. ఆ అంకె ఎందుకో లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట ఏదో కనబడి, అదేంటో మనకు తెలిసి, కాలు బ్రేక్ మీద పడటానికి సుమారు సెకనున్నర పడుతుంది. అంటే బ్రేక్ పట్టకముందే 25 మీటర్లు అయిపోయాయి. మంచి పొడి తారు రోడ్డయితే ఇంకో 20 మీటర్లలో ఆగుతుంది. తారు గీకేసి కంకర పరిచిన చోట టైరుకు పట్టు సగానికి సగం తగ్గిపోతుంది, ఆ 20 మీటర్లు 40 అవుతాయి. మొత్తం 65. డిమ్ లైట్‌లో మనకు తేటగా కనిపించేది మహా అయితే 40, 50 మీటర్లు. అంటే రాత్రి కంకర మీద 60లో వెళ్ళేవాడు, అడ్డంగా ఉన్నది కనబడిన తర్వాత ఎంత గట్టిగా బ్రేక్ పట్టినా దానికి తగలకుండా ఆగలేడు. అదే 40లో వస్తే ఆలోచనకు 17, ఆగడానికి 18, మొత్తం 35 మీటర్లు. లైటు వెలుగు లోపలే ఆగిపోతాడు. మీకు ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ పట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న కారు అయినా సరే, వదులు కంకర మీద అది ఆగే దూరాన్ని తగ్గించదు. స్టీరింగ్ చేతిలో ఉండేలా చూస్తుంది, ఒక్కోసారి దూరం ఇంకాస్త పెరుగుతుంది కూడా.

కారులో ఇంకో తిప్పలు ఉంది. ఆనందపురం నుంచి అనకాపల్లి వెళ్ళే ఆరు వరుసల బైపాస్ మీద చాలాసేపు వేగంగా వచ్చి సబ్బవరం దగ్గర దిగారనుకోండి. కంటికి ఆ వేగమే అలవాటైపోయి ఉంటుంది. బండి ఇంకా 65లో పోతుంటే మీకు నలభైలో నడుస్తున్నట్టే అనిపిస్తుంది. ఇలాంటప్పుడు మీ అంచనాను నమ్మకండి, స్పీడోమీటర్ చూసి తగ్గించండి.

వెనకవాడి హారన్ గురించి అడిగారు. హారన్‌కి స్పీడు పెంచకండి, అంతే. చోటు వెడల్పుగా ఉన్న దగ్గర ఎడమకు జరిగి ఇండికేటర్ వేసి పోనివ్వండి. చోటు లేకపోతే పోనివ్వడానికి ప్రయత్నమే చేయకండి. అతనికి దారి ఇవ్వాలన్న తొందరలో అంచు మీదకు జరిగితే పడేది మీరు. వాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

ఇప్పుడు రోడ్డు పని జరిగే జాగా ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ పుస్తకం ఎస్‌పీ-55 ప్రకారం ప్రతి పనిచోటులో నాలుగు భాగాలు ఉంటాయి. మొదట హెచ్చరిక భాగం, బోర్డులు ఇక్కడే వస్తాయి. తర్వాత బండ్లను ఒక పక్కకు జరిపే భాగం, డ్రమ్ములూ కోన్లూ ఏటవాలుగా పెట్టి ఉంటాయి. ఆ తర్వాత అసలు పని జరిగే చోటు. చివర మళ్ళీ మామూలు రోడ్డులోకి కలిపే భాగం. మనుషులు పని చేస్తున్న బొమ్మ ఉన్న ముక్కోణం బోర్డు కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. బ్రేక్ అప్పుడే అక్కర్లేదు. డ్రమ్ములు మొదలయ్యే లోపు మీరు వెళ్ళాల్సిన వరసలోకి వచ్చేసి ఉండాలి.

గొడవంతా ఆ ఏటవాలు దగ్గరే. రెండు వరసలు ఒకటయ్యే చోట ఆఖరి క్షణంలో ముందు దూరి కలుద్దామని చూసేవాళ్ళే బారికేడ్లు గుద్దేది, పక్కవాడిని గుద్దేది. ఒక బండి ఇటు, ఒక బండి అటు అని వంతులవారీగా కలిస్తే ఎవరికీ ఆలస్యం కాదు. మీరు తెరిచి ఉన్న వరసలో ఉంటే ఒక్క బండికి చోటు వదలండి. ఒక్కదానికే. రెండోవాడికి మీ వెనకాయన వదులుతాడు.

నాలుగో భాగంలో కూడా చాలామంది తప్పు చేస్తారు. దూరంగా మంచి తారు రోడ్డు కనబడగానే, ఇంకా కంకర మీద ఉండగానే రేజ్ చేస్తారు. పని అయిపోయిందని చెప్పే బోర్డు దాటి, మీ వెనక చక్రాలు కూడా తారు ఎక్కాకే వేగం పెంచండి.

బైక్ విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఎక్కువగా తిరిగేది దాని మీదే. నేను చూసిన పడటాల్లో చాలావాటికి కారణం గుంత కాదు, అంచు. ఒక వరసలో కొత్త తారు పొర వేసి, పక్క వరస ఇంకా వేయకుండా ఉంటుంది. రెండింటి మధ్య రెండు అంగుళాలో మూడు అంగుళాలో గట్టు ఏర్పడుతుంది. చూడటానికి ఏమీ అనిపించదు. కింద వరసలో వెళ్తూ, ఓవర్‌టేక్ చేద్దామనో, నీళ్ళు తప్పిద్దామనో కొద్దిగా హ్యాండిల్ తిప్పి ఆ గట్టు ఎక్కబోతారు. ముందు టైరు గట్టు ఎక్కదు, దాని పక్కనే రాసుకుంటూ పోతుంది. బండి పైకి వంగుతుంది, చక్రం మాత్రం కిందే ఉంటుంది. ఒక్క క్షణంలో హ్యాండిల్ లాగేసినట్టు తిరిగి మనిషి పడిపోతాడు, అది కూడా వెనక లారీ వచ్చే వరసలోకి. అందుకని గట్టును పక్కగా రాసుకుంటూ ఎప్పుడూ ఎక్కకండి. తప్పనిసరిగా ఎక్కాల్సి వస్తే బాగా నెమ్మదించి, అద్దంలో వెనక చూసుకుని, గట్టుకు కాస్త దూరం జరిగి, వీలైనంత నిటారుగా దాని మీదకు వచ్చి ఎక్కండి. దిగేటప్పుడూ అంతే. అలా తిరగడానికి చోటు లేదంటే ఉన్న వరసలోనే ఉండిపోండి, ముందు ఎక్కడో వాలుగా కలిపిన చోటు వస్తుంది.

పాత తారును మెషీన్‌తో గీకిన రోడ్డు మీద పొడవుగా చాళ్ళు పడి ఉంటాయి. వాటి మీద బైక్ తనంతట తాను అటూ ఇటూ ఊగుతుంది. భయపడి హ్యాండిల్ బిగించి పట్టుకుంటే ఊపు ఇంకా ఎక్కువవుతుంది. చేతులు వదులుగా ఉంచి, మోకాళ్ళతో ట్యాంకు పట్టుకుని, చూపు దూరంగా పెట్టి ఒకే వేగంలో పోండి. వదులు కంకరలోకి వెళ్ళేముందే గేరు తగ్గించుకోండి, లోపలికి వెళ్ళాక ముందు బ్రేక్ ఒక్కసారిగా నొక్కవద్దు. క్లచ్ పట్టి బండిని వదిలేయకుండా ఇంజిన్ పట్టుతోనే నెమ్మదించండి. ఇంట్లో ఎవరైనా స్కూటీ నడుపుతుంటే వాళ్ళకు చెప్పండి, గేర్లు లేని బండికి ఆ పట్టు తక్కువ, కాబట్టి కంకర రాకముందే 20కి దించుకోవాలి.

జారే వాటిలో ముఖ్యమైనవి రెండు. తారు వేసేముందు నల్లటి పల్చని ద్రవం ఒకటి పిచికారీ చేస్తారు, సైట్‌లో దాన్ని ట్యాక్ కోట్ అంటారు. అది ఆరకముందు దాని మీద బైక్ నడపకండి, అడ్డంగా పెట్టిన తాడు ఎత్తి దూరిపోయే కుర్రాళ్ళను చాలామందిని చూశాను. రెండోది, కాలువ పని చోట దారికి అడ్డంగా పరిచే ఇనుప పలకలు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కాదు. తడిసినప్పుడు వాటి మీద బ్రేక్ గానీ మలుపు గానీ వద్దు, బండి నిటారుగా ఉంచి దాటేయాలి.

మన వైపు మట్టి సంగతి మీకు తెలిసిందే. డైవర్షన్ మీద ఎర్ర గ్రావెల్ పరుస్తారు, ఎండాకాలం దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్ళు కొడతారు. దుమ్ము తగ్గుతుంది కానీ కొట్టిన కాసేపటి వరకు పైపొర సబ్బు రాసినట్టు ఉంటుంది. మా దగ్గర శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫ్లాగ్ పట్టుకుని నిలబడేవాడు. ట్యాంకరు వెళ్ళినప్పుడల్లా ప్రతి బైకునీ ఆపి, "బాబూ, నీలు కొట్టీసినారు, సిన్నగా ఎల్లండి" అని చెప్పి మరీ వదిలేవాడు. ఆ పని అతనికి ఎవరూ చెప్పలేదు. అలాంటివాళ్ళు చెప్పిన మాట విని వెళ్ళండి.

ఫ్లాగ్‌మ్యాన్ గురించి ఇంకో విషయం, చాలామందికి తెలియదు. ఒకే వరస తెరిచి ఉన్నప్పుడు రెండు చివరలా ఇద్దరు నిలబడతారు. ఈ చివర మనిషి బండ్లు ఆపగానే, ఆఖరుగా వదిలిన బండి ఏదో అవతలి మనిషికి వాకీటాకీలోనో ఫోన్‌లోనో చెబుతాడు. తెల్ల బొలెరో, నంబరు ఫలానా అని. అవతలివాడు ఆ బొలెరో దాటేదాకా చూసి, దారి ఖాళీ అయిందని తన వైపు బండ్లు వదులుతాడు. ఎర్ర జెండా చూపించాక మీరు సందులోంచి దూరి వెళ్ళిపోయారనుకోండి, మీరు లోపల ఉన్నట్టు అవతలివాడికి తెలియదు. బొలెరో రాగానే ఎదురుగా లారీలు వదిలేస్తాడు. బైకే కదా, పక్కనుంచి పోతాను అనుకుంటారు. ఆ పక్కనే గొయ్యి ఉంటుంది. ఎంత ఆలస్యమైనా జెండా మారేదాకా ఆగాల్సిందే.

టిప్పర్ల విషయానికి వస్తే మొదటి మాట, దాని వెనక పోవద్దు. అది పనికి వచ్చిన బండి. బారికేడ్ల మధ్య ఎక్కడో వదిలిన సందులోంచి లోపలికి తిరుగుతుంది. హైవే మీద అందరూ వేగంగా పోతున్నప్పుడు అది ఒక్కసారిగా నెమ్మదించడానికి కారణం ఆ సందే. రాత్రి చీకట్లో, దుమ్ములో, దాని వెనక ఎర్ర లైట్లను దారి అనుకుని వెంబడే వెళ్ళి పని జరిగే చోటులోకి దిగిపోయిన కార్లు చాలా చూశాను. లోపలికి వెళ్ళాక అక్కడ రోడ్డు ఉండదు, పునాది గోతులో పైకి లేచిన ఇనుప చువ్వలో ఉంటాయి. మీరు డ్రమ్ముల వరసను చూసి నడవాలి, ముందు బండి లైట్లను చూసి కాదు.

దూరం ఉంచడానికి ఇంకో కారణం ఉంది. టిప్పరు వెనక జంట టైర్ల మధ్య కంకర రాయి ఇరుక్కుంటుంది. అది మంచి రోడ్డెక్కి వేగం అందుకున్నాక ఆ రాయి విసిరేసినట్టు ఊడి వస్తుంది. కారు అద్దాన్ని పగలగొట్టే బలం దానికి ఉంటుంది, హెల్మెట్ అద్దం పైకెత్తుకున్నవాడి సంగతి చెప్పనక్కర్లేదు. ముందు బండి ఒక డ్రమ్మును దాటగానే నిదానంగా మూడు లెక్కపెట్టండి, మూడయ్యాక మీరు ఆ డ్రమ్ము దగ్గరకు రావాలి. వానలోనో దుమ్ములోనో అయితే ఐదు.

పక్కన ఉండటం వెనక ఉండటం కన్నా ప్రమాదం. టిప్పరు డ్రైవరు ఎత్తులో కూర్చుంటాడు, ఎడమ తలుపు కింద, ముందు బంపరు కింద ఉన్న బైక్ అతనికి అసలు కనబడదు. అతని అద్దంలో మీకు అతని ముఖం కనబడకపోతే అతనికి మీరు కనబడటం లేదని అర్థం. ఎడమ పక్క బారికేడ్‌కి, లారీకి మధ్య ఎంత ఖాళీ ఉన్నా దూరకండి. లారీ కుడికి తిరిగేముందు ఎడమకు కాస్త వస్తుంది, ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. రెండు సందర్భాల్లోనూ నలిగేది ఆ సందులో ఉన్నవాడే. ఎండాడ దగ్గరలాంటి ఎత్తు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు లోడు లారీకి ఆనుకుని వెనక నిలబడవద్దు, కదిలేటప్పుడు ఒక అడుగు వెనక్కి జారుతుంది.

డైవర్షన్ పొడవుగా ఉంటే మనసు దాన్ని మామూలు రోడ్డులాగే తీసేసుకుంటుంది. ఇది కారు కొన్నాక మీరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద ఒక పక్క మూసేస్తే, రెండో పక్కనే రాకపోకలు రెండూ నడుస్తాయి. రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి ఎదురుగా బండ్లు వస్తాయన్న సంగతే మరిచిపోయి, ఇదివరకటిలా కుడివైపు తీసి ఓవర్‌టేక్ చేస్తారు. ఆ వరస ఇప్పుడు ఎదుటివాళ్ళది. ముఖాముఖి గుద్దుకునే ప్రమాదాలు ఎక్కువగా ఇలాగే జరుగుతాయి. రెండు వైపులా రాకపోకలు అని బాణాలు ఎదురెదురుగా ఉన్న బోర్డు కనబడిందంటే ఆ డైవర్షన్ పూర్తయ్యేదాకా ఓవర్‌టేక్ అనే మాటే వద్దు, ముందు ఎడ్లబండి ఉన్నా సరే.

మ్యాప్ కూడా అంతే. దారి ఇవాళ పొద్దున్న మూసిన సంగతి ఫోన్‌కి తెలియకపోవచ్చు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, ఒక భాగం వరదకు కొట్టుకుపోయిన వంతెన మీదకు మ్యాప్ చూపిన దారిలో వెళ్ళి కారు రామగంగ నదిలో పడింది. ముగ్గురు పోయారు. అడ్డంగా బారికేడ్ లేకపోయినా, ఎదురుగా ఒక్క బండీ రాని రోడ్డు, లైట్లు లేని రోడ్డు, మీద మట్టి కప్పేసిన రోడ్డు అయితే ఆగి, దిగి, ఎవరినైనా అడిగి వెళ్ళండి.

ఇక రాత్రి. హైబీమ్ వద్దు. మీ ఎదురుగా వచ్చేవాడికి కళ్ళు బైర్లు కమ్మితే అతను మీ వైపే వస్తాడు, పైగా దుమ్ములో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్ళలోనే కొడుతుంది. ఎదుటివాడి లైటు కళ్ళలో పడితే చూపు రోడ్డు ఎడమ అంచు వైపు తిప్పుకుని వేగం తగ్గించండి. బోర్డులూ డ్రమ్ములూ సరిగా ఉన్నచోట మెరుపు స్టిక్కర్లు దూరం నుంచే కనబడతాయి. చిన్న చిన్న పనుల దగ్గర అవి ఉండవు. నాలుగు రాళ్ళు వరసగా పేర్చి, ఒక చెట్టుకొమ్మ గుచ్చి వదిలేస్తారు. అది చాలా తప్పు, నాకు కోపం తెప్పించే సంగతి, కానీ మీరు బండి మీద ఉన్నప్పుడు ఆ రాళ్ళు ఉంటాయనుకునే వెళ్ళాలి. రోడ్డు మీద గోనెసంచులు పరిచి నీళ్ళు కట్టి ఉంటే దాని కింద కొత్త కాంక్రీటు ఉంది, చుట్టూ చిన్న మట్టి గట్లు కూడా ఉంటాయి. అటు పోకండి.

నల్ల జాకెట్ వేసుకుని రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటారు చాలామంది. లోపల మా మనుషులకు మెరిసే జాకెట్లు ఎందుకిస్తారో ఆ కారణం మీకూ వర్తిస్తుంది. మీ బ్యాగుకూ, హెల్మెట్ వెనకా రెండు మెరిసే స్టిక్కర్ ముక్కలు అంటించుకోండి. చవకే.

వానలో అసలు ప్రమాదం కొత్తగా పూడ్చిన కాలువలది. మన విశాఖలో రోడ్డు తవ్వడం హైవే పనులతోనే ఆగదు కదా, డ్రైనేజీ పైపులు, మంచినీళ్ళ పైపులు, కేబుళ్ళు, 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు తీగలు భూమిలోకి దించిన పని. తవ్వి, వేసి, మట్టితో పూడుస్తారు. పైకి సమంగానే కనబడుతుంది. మొదటి గట్టి వానకు నీళ్ళు లోపలికి దిగి మట్టి కూర్చుంటుంది, బండి చక్రం పడగానే దిగబడిపోతుంది. అందుకని అక్టోబరు, నవంబరు వానల్లో రోడ్డు అంచుకు పోకుండా మీ వరస మధ్యగా నడపండి. నిలిచిన నీళ్ళలోకి మొదటివాడిగా దిగవద్దు. ముందు వెళ్ళే బండి చక్రాలు ఎంతవరకు మునుగుతున్నాయో చూసి, అవి వెళ్ళిన జాడలోనే వెళ్ళండి. బారికేడ్‌కి ఆనుకుని నీళ్ళు నిలిచి ఉంటే అది లోపలి గొయ్యితో కలిసిపోయి ఉందనే అనుకోవాలి. వానలో కదులుతూ నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపకండి, మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. ఆగిన ట్రాఫిక్ వరస చివరికి మీరు చేరినప్పుడు మాత్రం వేయండి, వెనక ఇంకో బండి వచ్చి ఆగేదాకా ఉంచండి.

నడిచే జనాన్ని మరిచిపోవద్దు. పని మొదలైతే ఫుట్‌పాత్ పోతుంది, బస్టాపు జరుగుతుంది, మనుషులు మాత్రం అక్కడే ఉంటారు. ఫ్లైఓవర్ స్తంభాల చుట్టూ పెట్టిన ఎత్తు రేకుల మధ్య సందులోంచి ఒక్కసారిగా బయటకు వస్తారు, రేకు అడ్డు కాబట్టి వాళ్ళకు మీరు, మీకు వాళ్ళు కనబడరు. రేకులు తెగిన ప్రతిచోటా ఎవరో వస్తారనే అనుకుని బ్రేక్ మీద కాలు పెట్టండి. సింహాచలం గిరిప్రదక్షిణ రోజున అయితే ఆ 32 కిలోమీటర్ల దారిలో రాత్రంతా జనం నడుస్తారు, వాళ్ళలో చెప్పుల్లేని కాళ్ళే ఎక్కువ. ఆ దారిలో ఎక్కడైనా తవ్వకం ఉంటే వాళ్ళంతా రోడ్డు మధ్యకే వస్తారు. ఆ ఒక్క రాత్రి వేరే దారి చూసుకోండి.

లోపల పని చేసేవాళ్ళ గురించి ఒక మాట అడుగుతున్నాను. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము అడ్డం పెట్టుకుని మీ బండికి మూడడుగుల దూరంలో వంగి పని చేస్తుంటారు. రోలరు, తారు పరిచే పేవరు చప్పుడులో వాళ్ళకు మీ హారన్ వినబడదు. డ్రమ్ము బండిని ఆపదు, దారి చూపించడానికే అది. దాన్ని గుద్దితే ఏమవుతుందిలే అనుకునేవాడికి దాని వెనక ఎవరు కూర్చున్నారో తెలియదు. దయచేసి ఆ కొద్ది దూరం నెమ్మదిగా వెళ్ళండి.

ఏదైనా జరిగితే ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. దెబ్బ తగిలితే ముందు 108. నేషనల్ హైవే మీదయితే 1033 కి చేయండి, అది రోజంతా పనిచేసే హైవే హెల్ప్‌లైన్, అంబులెన్సుకైనా, క్రేనుకైనా, రోడ్డు మీద ప్రమాదకరంగా ఉన్నదాని గురించి చెప్పడానికైనా అదే నంబరు. ఎవరైనా పడి ఉంటే సాయం చేయడానికి భయపడకండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ మంచి ఉద్దేశంతో సాయపడినవారికి రక్షణ ఇస్తుంది, మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. అదే సవరణలో 198ఏ కూడా వచ్చింది. రోడ్డు కట్టేవాళ్ళు, చూసుకునేవాళ్ళు భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా లక్ష రూపాయల దాకా జరిమానా. బోర్డు లేదు, లైటు లేదు, గొయ్యికి అడ్డం లేదు అంటే అది మీ ఖర్మ అనుకుని ఊరుకోనక్కర్లేదు.

ప్రమాదం జరిగేదాకా కూడా ఆగకండి. డ్రమ్ములు పడిపోయి ఉన్నా, దారి చూపే లైటు ఆరిపోయినా, బండి పక్కన ఆపి ఫొటో తీయండి. దగ్గరలోని కిలోమీటరు రాయి నంబరు, రోడ్డుకు ఏ పక్క, ఎన్ని గంటలకు అనేవి రాసుకోండి. ఉదాహరణకు సబ్బవరం నుంచి షీలానగర్ వైపు వెళ్ళేటప్పుడు ఎడమ పక్క అని స్పష్టంగా ఉండాలి. "గాజువాక దగ్గర రోడ్డు బాగోలేదు" అని చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. రాయి నంబరుతో వచ్చిన ఫిర్యాదు నేరుగా సైట్ ఇంజనీరుకు వస్తుంది, ఆ రాత్రే మనిషిని పంపిన సందర్భాలు నాకు తెలుసు. నేషనల్ హైవే అయితే రాజమార్గయాత్ర యాప్‌లో ఫొటోతో పెట్టొచ్చు. నగరంలో లోపలి రోడ్లయితే విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీకి, రాష్ట్ర రహదారి అయితే ఆర్ అండ్ బీ వాళ్ళకు చెప్పాలి.

కారు విషయం. మొదటిసారే రాత్రి షిఫ్టుకి తీయకండి. ఆదివారం పొద్దున్న ఏడు గంటలకు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఆటోనగర్ దాకా వెళ్ళి రండి, ఎక్కడ వరస మారుతోంది, ఎక్కడ రెండు వైపులా రాకపోకలు మొదలవుతున్నాయి చూసుకోండి. తర్వాత వారం రోజులు పగటి డ్యూటీలకు తీయండి. రాత్రి తీసిన మొదటి రోజుల్లో పాప, ఇంట్లోవాళ్ళు బండిలో లేకుండా చూసుకోండి. అద్దాలు ఎత్తి, ఏసీని లోపలి గాలి మీద పెట్టుకుంటే దుమ్ము రాదు. ముందు అద్దం మీద దుమ్ము ఉన్నప్పుడు నీళ్ళు లేకుండా వైపర్ వేయవద్దు, గీతలు పడి రాత్రి ప్రతి లైటూ చీలికలుగా కనబడుతుంది. వారానికోసారి టైర్లు తిప్పి చూడండి, సైట్‌లో చువ్వలు కట్టే సన్న ఇనుప తీగ ముక్కలు దిగి ఉంటాయి. అవి వెంటనే పంక్చర్ చేయవు, రెండు మూడు రోజులకు గాలి దించుతాయి.